హాని పరివర్తనము: ఒక కంప్యూటరు ఆటలోని అంకగణితము

ఒకే దెబ్బ అన్ని వస్తువులపైనను ఒకే విధముగా పనిచేయదు. అగ్గిపుల్ల గడ్డివామును బూడిద చేయును గాని ఇనుప గుండును ఏమియు చేయజాలదు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఇనుమును తినివేసి హైడ్రొజన్ వాయువును వెలువరించును. కాని అదే ఆమ్లము గాజుసీసాలో ఏండ్ల తరబడి నిలువయుండును. హాని యెంత యనునది కొట్టు వస్తువును బట్టియే గాక, దెబ్బ తిను వస్తువును బట్టియు నిర్ణయమగుచున్నది. ఈ సామాన్య విషయమును ఆధారము చేసికొని కొన్ని కంప్యూటరు ఆటలు చక్కని లెక్కను నిర్మించుకొన్నవి. ఆ లెక్కలో పెక్కురు ఆటగాండ్రు పొరబడు ఘట్టము ఒకటి కలదు. దానిని విప్పి చూచినచో శాతములను గురించియు, సగటులను గురించియు బడిలో నేర్చిన పాఠము మరింత స్పష్టమగును.

ఆట స్వరూపము

తుపాకులతో శత్రువులను ఎదిరించుచు, వారు విడిచిన ఆయుధములను ఏరుకొని అంతకంతకు బలపడు ఆటలను 'లూటర్ షూటర్' లందురు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ నిర్మించిన 'బార్డర్‌లాండ్స్' ఈ కోవలో ప్రసిద్ధమైనది. దాని మొదటి భాగము 2009 లోను, 'బార్డర్‌లాండ్స్ 3' 2019 సెప్టెంబరులోను వెలువడినవి.

బార్డర్‌లాండ్స్ 3 లో సాధారణ హాని గాక ఐదు ప్రత్యేకమైన హాని రకములు గలవు: అగ్ని, విద్యుత్తు, లోహమును తినివేయు క్షయకారి ద్రవము, శైత్యము, రేడియోధార్మికత. వీనిని ఆటలో 'ఎలిమెంటు' లందురు గాని, రసాయనశాస్త్రపు మూలకములతో వీనికి పోలిక లేదు. అగ్ని, వాయువు మొదలైనవానిని మూలపదార్థములుగా భావించిన పూర్వుల ఊహకే ఇవి దగ్గర.

శత్రువుల ప్రాణబలమును చూపు పట్టీలు మూడు రంగులలో నుండును. ఎఱుపు మాంసదేహమునకును, నీలము శక్తికవచమునకును, పసుపు లోహకవచమునకును గుర్తులు. అగ్ని మాంసమునకును, విద్యుత్తు శక్తికవచమునకును, క్షయకారి లోహకవచమునకును ఎక్కువ హాని చేయును. పనికిరాని చోట ప్రయోగించినచో వానిలో కొన్ని సాధారణపు గుండు కంటెను తక్కువగా పనిచేయును. ఈ ఎక్కువ తక్కువలను ఆట ఒక్కొక్క గుణకము ద్వారా లెక్కించును.

పరివర్తన మనగా నేమి?

ఈ ఆటలోని నలుగురు ముఖ్యపాత్రలలో అమారా యను వీరవనిత యొకతె. ఆమె ప్రత్యేకశక్తికి ఒక హాని రకము ఉండును. అది మొదట విద్యుత్తు. ఆటగాడు దానిని తరువాత అగ్నిగా గాని క్షయకారిగా గాని మార్చుకొనవచ్చును. ఆమె నేర్వగల నైపుణ్యములలో 'ఇన్‌ఫ్యూజన్' అనునది తుపాకి చేయు హానిలో కొంత భాగమును ఆ రకములోనికి మార్చును. పూర్తి స్థాయిలో మారు భాగము 40 శాతము.

ఇక్కడనే పొరపాటు జరుగుచున్నది. '40 శాతము' అని చదువగానే హాని 40 శాతము పెరుగునని తోచును. కాని మార్చుట వేరు, చేర్చుట వేరు. ఒక జేబులోని 100 రూపాయలలో 40 తీసి రెండవ జేబులో వేసికొన్నచో రూపాయలు పెరుగవు. లాభమో నష్టమో తేలునది ఆ రెండవ జేబులోని రూపాయలకు అంగడిలో ఏ ధర పలుకునో దానిని బట్టియే.

లెక్క

ఉదాహరణకొరకు అగ్ని గుణకము మాంసముపై 1.5 అనియు, రెండు విధముల కవచముపైనను 0.75 అనియు, సాధారణపు గుండు గుణకము అన్నిచోట్లను 1 అనియు అనుకొనవచ్చును. తుపాకి ఒక్క దెబ్బకు 100 ప్రమాణముల సాధారణ హాని చేయును. అందులో 40 అగ్నిగా మారినవి, మిగిలినవి 60.

మాంసముపై: 60 × 1 + 40 × 1.5 = 120. పెరుగుదల 20 మాత్రమే, 40 కాదు.

శక్తికవచముపై: 60 × 1 + 40 × 0.75 = 90. ఇక్కడ 10 నష్టము.

ఇప్పుడు ఆయుధమును మార్చి చూడవచ్చును. లోహకవచముపై క్షయకారి గుణకము 1.5 అయినచో, క్షయకారి తుపాకి మార్పేమియు లేకయే 150 హాని చేయును. దానిలో 40 శాతము అగ్నిగా మారినచో 60 × 1.5 + 40 × 0.75 = 120. నైపుణ్యము నేర్చినందువలన 30 పోయినవి! ఇక తుపాకియు అగ్నిదే, మార్పును అగ్నిలోనికే అయినచో, మాంసముపై ముందును 150, తరువాతను 150; నేర్చిన నైపుణ్యము వృథా.

ఈ ఉదాహరణముల నుండి ఒక సూత్రమేర్పడుచున్నది. తుపాకి యొక్క స్వంత గుణకమును 'అ' అనియు, క్రొత్త రకపు గుణకమును 'ఆ' అనియు, మారిన భాగమును 'భ' అనియు అనుకొన్నచో, లాభము = భ × (ఆ − అ). గుణకములు సమానమైనచో లాభము సున్న. 'ఆ' తక్కువైనచో నష్టము.

ఇది రెండు ధరల బియ్యమును కలుపు లెక్క వంటిదే. కలిపిన బియ్యపు ధర రెండు ధరల నడుమనే నిలుచును గాని, హెచ్చు ధరను ఎన్నడును మించదు. అట్లే పరివర్తనము ఎంత గొప్పదైనను, రెండు రకములలో మేలైనదానిని దాటి ఫలమీయజాలదు.

చేర్చుట ఎట్లు భిన్నము?

అదే అమారాకు 'ఫోర్స్‌ఫుల్ ఎక్స్‌ప్రెషన్' అను మరియొక నైపుణ్యము గలదు. అది తుపాకి హానిని మార్చదు. దానిపై ఎలిమెంటు హానిని అదనముగా చేర్చును. లెక్క సుళువు కొరకు ఆ అదనము 20 శాతమనుకొన్నచో, మాంసముపై 100 + 20 × 1.5 = 130; శక్తికవచముపై 100 + 20 × 0.75 = 115. పరివర్తనములో అవే సంఖ్యలు 120, 90. అంకెను చూచినచో 40 పెద్దది, 20 చిన్నది. ఫలమును చూచినచో చిన్నదే మిన్న. పైగా చేర్చిన భాగము ఎంత బలహీనమైనను మొత్తమును తగ్గింపదు.

పరివర్తనము నిష్ప్రయోజనమా?

కాదు. దాని విలువ మరియొక చోట నున్నది. కొందరు శత్రువులకు తమ స్వంత రకపు హాని అంటదు. అగ్నిమయుడైన శత్రువుపై అగ్ని తుపాకి గుణకము సున్న. ఆ తుపాకి హానిలో 40 శాతము విద్యుత్తుగా మారి, దాని గుణకము 1 అయినచో, సున్నకు బదులు 40 తగులును. అనగా పరివర్తనము బలమును పెంచు సాధనము కంటె, ఒకే ఆయుధముతో పలువిధముల శత్రువులను ఎదిరింపవలసినప్పుడు తోడ్పడు ముందుజాగ్రత్త వంటిది.

రెండవ ప్రయోజనము మరియొకటి కలదు. ఆమెకే గల 'టెంపెస్ట్' అను నైపుణ్యము ఎలిమెంటు హానిని మాత్రమే హెచ్చించును. సాధారణ హానికి అట్టి హెచ్చింపు అందదు. ఆటగాడు స్థాయి పెరుగుకొలది నైపుణ్యములకై పొందు అంకములు పరిమితములు. ఒకచోట వెచ్చించినది అదే సమయమున మరియొకచోట పనికిరాదు. కావున ఏ నైపుణ్యము దేనితో కలిసి పనిచేయునో ముందే లెక్క చూచుకొనుట మంచిది.

ఆట లెక్క, ప్రకృతి లెక్క

ఆటలో 100 హాని 120 అగుట చూచి శక్తి కూడ అట్లే పెరుగునని విద్యార్థులు భ్రమపడరాదు. ప్రకృతిలో శక్తి రూపము మారినప్పుడు మొత్తము ఎన్నడును పెరుగదు. తంతువు వేడెక్కి వెలుగు పాత రకపు విద్యుద్దీపములో నూరుపాళ్ల విద్యుచ్ఛక్తిలో సుమారు ఐదు పాళ్లే కంటికి కనబడు కాంతి యగును. తక్కినది చాలవరకు ఉష్ణమగును. రెండును కలిపినచో మరల నూరే. ఆటలోని గుణకము శక్తిని కొలుచునది కాదు. దెబ్బ తిను వస్తువు స్వభావమును కొలుచునది. ఒకే యెండలో నల్లని వస్త్రము తెల్లని దానికంటె ఎక్కువ వేడెక్కుటయే దీనికి తగిన పోలిక.

తరగతిలో చేయించుటకు ఒక లెక్క: స్వంత గుణకము 0.9 గల తుపాకి హాని 100. అందులో 24 శాతము, గుణకము 1.5 గల రకములోనికి మారినది. మొత్తము హాని ఎంత? మిగిలిన 76 × 0.9 = 68.4, మారిన 24 × 1.5 = 36; మొత్తము 104.4. మార్పునకు ముందున్నది 90. సూత్రము ప్రకారము లాభము 24 × 0.6 = 14.4, రెండును సరిపోయినవి.

శాతమును చూచినపుడెల్ల అడుగవలసిన ప్రశ్నలు రెండు: అది దేనిలో శాతము? అది చేర్చినదా, మార్చినదా? ఆటలోనే గాక, అంగడిలోను, వార్తాపత్రికలోను ఈ రెండు ప్రశ్నలు వేయ నేర్చినవాడు అంకెలకు మోసపోడు.