కలివి పొదలూ, కూలీల హక్కూ

మృగశిర దాటినా చినుకు రాలక, దుక్కులు మొదలుగాక, కూలికి పిలిచేవాడు లేని రోజులుంటాయి. ఆ రోజుల్లో రాయలసీమ పల్లెల్లో మన ఆడకూలీలు తెల్లారుజామునే డబ్బాలు పట్టుకుని గుట్టకేసి నడుస్తారు, కలివిపండ్ల కోసం. కొన్ని వూళ్ళల్లో కలేకాయలంటారు. కోస్తావాళ్ళు పప్పులోనూ పచ్చట్లోనూ వేసుకునే వాక్కాయ దీనికి అన్న వరస. దాని కాయ పెద్దది, పులుపెక్కువ. కలివిది చిన్నకాయ. పండితే నల్లగా నిగనిగలాడుతుంది, కాస్త వగరు కలిసిన తీపి. దోరకాయ కొరికిన పిల్లల పెదాలు పాలకు అంటుకుపోతాయి.

యీ పొదను ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. యిది మన నేల మొక్క. రాళ్ళ సందుల్లోకి వేళ్ళు దించి, మందపాటి ఆకుల్లో తడిని దాచుకుని బతుకుతుంది. మోదుగ ఆకు రాల్చి మోడయ్యే ఎండల్లో కూడా పచ్చగానే వుంటుంది. ఎండాకాలంలోనే మల్లెపూవులాంటి తెల్లని పూత పూసి, పేదవాడి యింట గింజలు నిండుకున్న వేళకు కాయ అందిస్తుంది.

పోయిన ఏడాది కడప జిల్లాలో ఒక వూరికి మీటింగుకు పోయాం. కూలిరేట్ల సంగతి మాట్లాడాలని మా ఆలోచన. ఆడవాళ్ళు మమ్మల్ని సాగనియ్యలేదు. "రేట్ల సంగతి మళ్ళీ చూద్దాంలే అన్నా, ముందు మా గుట్ట సంగతి చెప్పు" అన్నారు. వూరి పోరంబోకు గుట్టను ఒక పెద్దరైతు జేసీబీ పెట్టి చదును చేయించి, రాతికూసాలు పాతి ముళ్ళతీగ లాగాడు. లోపల చీనీమొక్కలు, బోరు. అడగబోతే ఆఫీసులో ఒకాయన, "అక్కడ ముళ్ళపొదలు తప్ప ఏమున్నాయమ్మా?" అన్నాడట. ఒక ముసలమ్మ గీతలు పడిన చేతులు మా ముందు చాపింది. "ఆ ముండ్లేనన్నా నలభై ఏండ్లు నా బిడ్డలకు గుడ్డలు కొనిచ్చింది" అంది.

మాకు సిగ్గేసింది. ఎందుకంటే బంజర్లు పంచాలని అర్జీలు రాసిచ్చేటప్పుడు "పనికిరాని ముళ్ళపొదల భూమి" అని మేమే, మా చేత్తోనే, ఎన్నోసార్లు రాశాం. పెత్తందారూ అదే మాట అంటాడు, అధికారీ అదే అంటాడు. మేమూ అన్నాం. బంజర్లు పంచాలన్న మాట మేం వెనక్కి తీసుకోవడంలేదు. కానీ ఆ భూమి మీద యిప్పటికే బతుకుతున్నదెవరో చూసి రాయాలి గదా!

కాయకు విలువ లేదనేవాళ్ళు పట్నంలో బేకరీకి పోయి చూడాలి. బన్నుమీదా, కేకుమీదా, కిళ్ళీలోనూ ఎర్రగా కనిపించే "చెర్రీ" చాలాచోట్ల చెర్రీ కాదు, వాక్కాయ. గింజ తీసి, రంగు కలిపి, చక్కెరపాకంలో వుడికిస్తారు. ముల్లు గుచ్చుకున్న చేతుల్లోంచి దళారీ గంపలోకి పోయేదాకా అది అడవికాయే. పాకంలో పడ్డాక పేరూ మారుతుంది, ధరా మారుతుంది. కోసినమ్మకు మాత్రం బస్టాండులో గ్లాసు లెక్కే.

యీ పొద పేరుతో ఒక పక్షే వుంది, కలివికోడి. 1848లో తెల్లదొరలు దీన్ని రాసుకున్నారు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఒక పల్లె వేటగాడు దాన్ని పట్టి తెచ్చినాకనే శాస్త్రజ్ఞులు నమ్మారు. దానికోసం 1988లో లంకమల్ల అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. పొదలన్నీ కొట్టేస్తే ఆ పిట్ట బతకదు, పొద మరీ చిక్కగా అల్లుకున్నా వుండదు, మధ్యరకం పొదల్లోనే తిరుగుతుందని పరిశోధకులు చెబుతున్నారు. నాలుగు కాయలు కోసుకునే కూలిమనిషి వల్ల దానికి ముప్పు రాదు. జేసీబీ వల్ల వస్తుంది.

యిక కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సినవి. గుట్ట అడవిశాఖ కింద వుంటే 2006 అటవీహక్కుల చట్టం వుంది. చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించుకునే, అమ్ముకునే హక్కు గిరిజనులకే గాక, అడవి మీద ఆధారపడి 75 ఏండ్లుగా, అంటే మూడు తరాలుగా అక్కడ వుంటున్న యితరులకూ వుంది. ఆ 75 ఏండ్ల రుజువు దగ్గరే మనవాళ్ళను తిప్పుతారు. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనల్లో వుంది, వదలొద్దు. పోరంబోకైతే, వూరుమ్మడి భూములనుంచి ఆక్రమణదారుల్ని ఖాళీ చేయించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. భూమిలేని కూలీలకూ, దళిత గిరిజనులకూ ప్రభుత్వమే యిచ్చిన లీజుల వంటివాటికి మినహాయింపు వుంచింది. కాబట్టి ఆ తీర్పు చూపించి పేదల గుడిసెలు పీకడానికి వస్తే అదీ అడగాలి.

యిచ్చిన డీపట్టా భూముల గట్లమీద కలివీ వాక్కాయా వేసుకోవచ్చు. ఏటా కంప నరికి వేసే పని తప్పుతుంది, పశువు దూరదు. పండిన కాయ పిసికి గింజను వెంటనే పాతాలి, దాచిపెడితే మొలవదు. వాక్కాయ మూడో ఏట కాపుకొస్తుంది.

ఆ వూరి ఆడవాళ్ళు గ్రామసభలో అర్జీ పెట్టారు. ఈసారి అందులో పొదల పేరూ, కాయకాలమూ, కోసుకునే కుటుంబాల పేర్లూ రాయించాం. సర్వే చేయిస్తామన్నారు. కాయ పండేలోగా సర్వేయరు రాకపోతే, ఆ ఖాళీ డబ్బాలు పట్టుకునే అందరం మండలాఫీసుకు పోదామని అనుకున్నాం.