కొండకు ముందు కొట్టు

మా నాన్నగారు తిరుమల కొండ నడిచి ఎక్కిన మనిషి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, కాళ్ళకు చెప్పుల్లేకుండా, మొక్కు ఉన్నప్పుడల్లా. ఆయన మొదటిసారి సియాటిల్ వచ్చిన అక్టోబరులో నార్త్ బెండ్ దగ్గరున్న రాటిల్‌స్నేక్ లెడ్జ్‌కి తీసుకెళ్ళాను. రానూపోనూ నాలుగు మైళ్ళు, ఎక్కేది సుమారు 1,160 అడుగులు. తిరుమల ముందు ఇదెంత అనుకున్నాం.

ఆయన కాళ్ళకు నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన షూ. ఒంటి మీద జీన్సు, నూలు చొక్కా, పైన నా పాత స్వెట్టరు. సగం దారిలో ముసురు పట్టింది. పైకి చేరేసరికి బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. దిగేటప్పుడు తడిసిన చెట్టు వేరు మీద కాలు జారి చీలమండ బెణికింది. నా భుజం ఆసరాతో కారు దాకా రావడానికి గంటన్నర పట్టింది. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆయన ఒక్క మాటా అనలేదు. ఏదైనా అని ఉంటేనే బాగుండేదనిపించింది నాకు.

తిరుమలలో రాతి మెట్లు, పక్కన మనుషులు, దారి పొడవునా నీడ. ఇక్కడ బురద, వేళ్ళు, పలుచటి చలి వాన. కొండ వేరైతే సరంజామా కూడా వేరే ఉండాలి. ఆ సరంజామా గురించి నేను ఎవర్నీ అడగలేదు. స్క్రీన్ మీద బొమ్మ చూసి, ధర చూసి, బటన్ నొక్కాను. ఇన్నేళ్ళ తర్వాత కొత్తగా ఈ ఊరొచ్చే తెలుగు కుటుంబాలకు నేను మొదట చెప్పే మాట ఒకటే: ఏ కొండ ఎక్కాలో తర్వాత చూద్దాం, ముందు ఒక మంచి కొట్టును వెతుక్కోండి.

దెబ్బ తగిలి పుట్టిన కొట్లు

ఈ విషయంలో సియాటిల్ వాళ్ళు అదృష్టవంతులు. గంట ప్రయాణంలో కాస్కేడ్ కొండలు, దక్షిణాన 14,410 అడుగుల మౌంట్ రెయినియర్, పడమట ఒలింపిక్ అడవులు. ఆ కొండల్లో కష్టపడ్డవాళ్ళే ఈ ఊళ్ళో కొట్లు తెరిచారు.

1897లో క్లాన్‌డైక్ బంగారం వేటకు బయల్దేరిన జనం సియాటిల్ రేవులో ఓడ ఎక్కేవారు. క్లాన్‌డైక్ చలికి తట్టుకునే ఉన్ని బట్టలు, దుప్పట్లు వాళ్ళకు అమ్మడంతో ఫిల్సన్ కొట్టు మొదలైంది. 1920లో ఇక్కడే చిన్న కొట్టు పెట్టిన ఎడ్డీ బాయర్ చలికాలంలో చేపల వేటకు వెళ్ళి, తడిసిన ఉన్ని కోటు బరువుతో, చలికి కొయ్యబారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఆ తర్వాతే పక్షి నూగు కూరి కుట్టిన జాకెట్ తయారుచేసి, 1940లో పేటెంట్ పొందాడు. అవుట్‌డోర్ రీసెర్చ్ వెనకా ఇలాంటి కథే ఉంది. అలాస్కాలోని డెనాలీ యాత్రలో తోటివాడి పాదాలు మంచుకు దెబ్బతినడం రాన్ గ్రెగ్ కళ్ళారా చూశాడు. మంచు బూట్లలోకి దిగకుండా కట్టుకునే గేటర్లు సరిగ్గా పనిచేయకపోవడమే కారణం. 1981లో తానే మెరుగైన గేటర్లు చేసి కంపెనీ పెట్టాడు.

ఇక మనందరికీ తెలిసిన కొండ సామాను కొట్టు ఆర్ఈఐ. 1930లలో లాయిడ్ ఆండర్సన్ అనే పర్వతారోహకుడికి మంచు గొడ్డలి కావలసి వచ్చింది. ఊళ్ళో ధర అందుబాటులో లేదు. భార్య మేరీకి జర్మన్ వచ్చు. ఆస్ట్రియా కేటలాగు చదివి అక్కడి నుంచే తక్కువ ధరకు తెప్పించుకున్నారు. స్నేహితులు మాకూ అంటే మాకూ అన్నారు. 1938లో ఇరవైమందికి పైగా కలిసి, తలా ఒక డాలరు వేసుకుని సహకార సంఘం పెట్టారు. మన ఊళ్ళలో రైతులు ఎరువులకు, పాడివాళ్ళు పాలకు సొసైటీ పెట్టుకున్నట్టే. నేటికీ అది సభ్యుల సంఘమే. 30 డాలర్లు కడితే జీవితకాల సభ్యత్వం. ఆ సంఘానికి మొదటి పూర్తికాలపు ఉద్యోగి జిమ్ విటాకర్. 1963 మే 1న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డ మొదటి అమెరికన్ ఆయనే. 1970లలో ఆ సంఘానికి సారథ్యం వహించిందీ ఆయనే.

వాడినవాడే అమ్మాలి, అప్పుడే ఆ వస్తువు లోటు, గుణం రెండూ తెలుస్తాయి. కొట్టుకు వెళ్ళినప్పుడు నేను మొదట చూసేది అదే: కౌంటరు వెనకున్న మనిషి పోయిన వారం ఏ కొండ మీద ఉన్నాడు?

"ఎక్కడికి వెళ్తున్నారు?"

నాన్న కాలు నయమయ్యాక ఆయన్ని వెంటబెట్టుకుని ఒక కొట్టుకు వెళ్ళాను. అక్కడ పనిచేసే నడివయసు ఆవిడ షూ ఏదీ చూపించలేదు. మా ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టి అడిగింది. ఎక్కడికి వెళ్తున్నారు? ఏ నెలలో? ఎంత బరువు మోస్తారు? ఇంతకుముందు ఎప్పుడైనా కాలికి దెబ్బ తగిలిందా? నేను తెలుగులోకి మార్చి చెబుతుంటే నాన్న ఒక్కోదానికీ నిదానంగా జవాబిచ్చారు. డాక్టరు దగ్గర కూర్చున్నట్టుంది.

లోహపు కొలబద్ద మీద రెండు పాదాలూ పెట్టించింది. కుడి పాదం ఎడమదానికన్నా కొంచెం పెద్దది. డెబ్భై ఏళ్ళలో ఆ సంగతి ఆయనకే తెలియదు. పెద్ద పాదానికి సరిపోయే సైజే తీసుకోవాలంది. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి షూ కొనడానికి మధ్యాహ్నం తర్వాతే రావాలని, కొండ మీద తొడుక్కునే ఉన్ని మేజోళ్ళు వేసుకునే చూడాలని చెప్పింది. బూటు తొడిగాక, లేసులు కట్టకముందే కాలు ముందుకు జరిపించి మడమ వెనక వేలు పెట్టి చూసింది. వేలెడు సందు ఉండాలి. తర్వాత లేసులు బిగించి, కొట్లోనే ఉన్న చిన్న రాతి దిబ్బ ఎక్కి దిగమంది. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు కొట్టుకుంటే ఆ బూటు పనికిరాదు. మూడో జతకు నాన్న తల ఊపారు. బయటికొచ్చాక అన్నారు, "ఒరేయ్, నా కాలు ఇంత శ్రద్ధగా ఎవరూ చూళ్ళేదురా."

బ్యాక్‌ప్యాక్ విషయంలోనూ ఇంతే. మనిషి పొడవును బట్టి సైజు ఉండదు, వీపు పొడవును బట్టి ఉంటుంది. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుము ఎముకల అంచు దాకా టేపుతో కొలుస్తారు. లోపల ఇసుక సంచులు వేసి, కొట్లో పావుగంట తిప్పుతారు. బరువులో ఎక్కువ భాగం భుజాల మీద కాకుండా నడుము పట్టీ మీద నిలవాలి. ఇవేవీ చేయకుండా సంచి చేతికిచ్చి పంపేసే చోట మళ్ళీ అడుగుపెట్టనక్కర్లేదు.

చలి కోటు అడిగితే మంచి కొట్టువాళ్ళు ఒక్క కోటు చూపించరు, మూడు పొరలు చెబుతారు. ఒంటికి ఆనే పొర చెమట పీల్చి బయటికి పంపాలి, మధ్య పొర వెచ్చదనం నిలపాలి, పై పొర వానను, గాలిని ఆపాలి. మూడింటిలో ఎక్కడా నూలు ఉండకూడదు. మన ఎండలకు నూలంత హాయి లేదు, కానీ నూలు తడిని పట్టుకుని వదలదు, ఒంటి వేడిని లాగేస్తుంది. నాన్న ఆ రోజు వణికింది అందుకే.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలుంటాయి, ఒకటి హాయిగా పడుకోవడానికి, రెండోది ఎలాగో నెట్టుకురావడానికి. చలి ఎక్కువ వేసేవాళ్ళు మొదటిదాన్నే చూడాలి. డౌన్ (పక్షి నూగు) జాకెట్ మీద 850 అని ఉంటే, ఒక ఔన్సు నూగు 850 ఘనపుటంగుళాల జాగా నింపుతుందని అర్థం. అంకె పెరిగేకొద్దీ తక్కువ బరువుకే ఎక్కువ వెచ్చదనం. అయితే తడిస్తే డౌన్ ఉండకట్టుకుపోతుంది. ఈ విద్య లోతుగా తెలుసుకోవాలంటే 1972 నుంచి సియాటిల్‌లోనే డౌన్ సామాను కుడుతున్న ఫెదర్డ్ ఫ్రెండ్స్ లాంటి చిన్న కొట్టుకు వెళ్ళాలి. పెద్ద కొట్లో రకాలు ఎక్కువ, చిన్న కొట్లో లోతు ఎక్కువ.

వద్దని చెప్పే కొట్టు

నేను ఒక కొట్టును మనస్ఫూర్తిగా నాదనుకున్నది వాళ్ళు సామాను కొనొద్దన్న రోజున. పిల్లలతో ఒలింపిక్ సముద్రతీరంలో రెండు రాత్రులు గుడారం వేసుకుందామని సామాను చీటీ పట్టుకెళ్ళాను. అక్కడ ఆహారాన్ని జంతువులకు అందకుండా గట్టి డబ్బాలో దాచాలన్నది నిబంధన. ఆ డబ్బా కొంటానంటే, ఏడాదికి ఒక్కసారికైతే అద్దెకు తీసుకోండి చాలన్నాడు అక్కడి కుర్రాడు. పిల్లల బూట్లు వచ్చే ఏడాదికి పట్టవు కాబట్టి ఎవరో వాడి ఇచ్చినవి చూడమన్నాడు. మంచు మీద నడిచే స్నోషూలు, గుడారాలు అద్దెకిచ్చే కొట్లు ఇక్కడ చాలానే ఉన్నాయి. ఆరు నెలలకు వచ్చే అమ్మానాన్నలకు, అత్తమామలకు ఈ పద్ధతే మేలు. అయితే హెల్మెట్టు, తాడు మాత్రం పాతవి ఎప్పుడూ కొనొద్దు. వాటికి లోపల తగిలిన దెబ్బ పైకి కనిపించదు.

వెళ్ళేముందు ఆ కుర్రాడు చిన్న కాగితం ఇచ్చాడు. 1906లో పుట్టిన మౌంటెనీర్స్ సంఘం వాళ్ళు కొండకు వెళ్ళే ప్రతివాళ్ళకూ నేర్పే పది అవసరాలు అందులో ఉన్నాయి. దారి చూపే మ్యాపు, తల దీపం, ఎండ రక్షణ, మందుల పెట్టె, కత్తి, నిప్పు, తలదాచుకునే పట్ట, అదనపు తిండి, అదనపు నీళ్ళు, అదనపు బట్టలు. చిన్న నడకైనా ఇవి సంచిలో ఉండాలన్నాడు. రాటిల్‌స్నేక్ లెడ్జ్ రోజున మా దగ్గర వీటిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

జిప్పు పాడైతే బాగుచేసి ఇస్తారా, చిరిగిన చోట అతుకు వేస్తారా, వాన ఆపే గుణం తగ్గిన జాకెట్‌ను ఎలా ఉతికి మళ్ళీ నిలబెట్టుకోవాలో చెబుతారా అన్నది కూడా చూసుకోవాలి. మంచి వస్తువు పదేళ్ళు వస్తుంది, దాన్ని అన్నాళ్ళూ నిలబెట్టే చెయ్యి కొట్లో ఉండాలి.

మన వంతు

కొట్టు మంచిగా ఉండాలంటే మనమూ మంచి ఖాతాదారులం కావాలి. గంటసేపు పాదాలు కొలిపించుకుని, బూట్ల పేరు ఫోన్లో రాసుకుని, పది డాలర్లు తక్కువని ఆన్‌లైన్‌లో కొనడం ఆ మనిషి శ్రమను ఎగ్గొట్టడమే. అమ్మానాన్నల యాత్ర అయ్యేదాకా వాడి, బురద తుడిచి తిరిగివ్వడం అంతకన్నా తప్పు. ఆర్ఈఐ ఒకప్పుడు ఎన్నేళ్ళకైనా వెనక్కి తీసుకునేది. 2013లో సభ్యులకు ఏడాది గడువు పెట్టింది. నమ్మకం మీద నడిచే సౌకర్యం నమ్మకం ఉన్నంతవరకే నిలుస్తుంది.

అడిగి నేర్చుకోవడం కూడా మన వంతే. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి రాతి కొండ మీద శిక్షణ పొంది, నేర్పేవాళ్ళ మాట ప్రకారం ఒక్కో అడుగూ వేసిన పిల్ల. ఆమె గురించి మన పిల్లలకు చెప్పేటప్పుడు ధైర్యం గురించి చెబుతాం. తెలిసినవాళ్ళను అడిగి నేర్చుకున్న సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలకు అడగడం అలవాటయ్యే చోటు ఊళ్ళోనే ఉన్న మంచి కొట్టు.

ఆ మరుసటి వసంతంలో నాన్న, నేను మళ్ళీ రాటిల్‌స్నేక్ లెడ్జ్ ఎక్కాం. ఆ రోజూ చినుకులు పడ్డాయి. ఏ వేరు మీద కాలు జారిందో ఆ వేరు దగ్గర ఆగి, బూటు మడమతో ఒకసారి తొక్కి చూసుకుని దాటారు. ఇండియా వెళ్ళేముందు పెట్టె సర్దుతూ ఆ బూట్లు పెట్టమంటారా అని అడిగాను. వద్దన్నారు. శుభ్రంగా తుడిచి, లోపల పాత పేపర్లు కుక్కి, మా గుమ్మం పక్క అరలో నా బూట్ల పక్కన పెట్టారు. "మళ్ళీ వచ్చినప్పుడు కావాలి కదరా," అన్నారు.