మెటాలికా కచేరీకి వెళ్ళొచ్చాం!

ఈ పేజీల్లో త్యాగరాజ ఆరాధన గురించి రాసినవారున్నారు, ఉగాది కవి సమ్మేళనం గురించి రాసినవారున్నారు. నేను రాక్ కచేరీ గురించి రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

అది 2011 అక్టోబరు 30, ఆదివారం, దీపావళి వెళ్ళిన నాలుగో రోజు. 1981లో అమెరికాలో పుట్టిన మెటాలికా బృందం మన దేశంలో పాడడం అదే మొదలు. నిజానికి రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో పాడవలసింది. ఆఖరి నిమిషంలో అది రద్దయ్యేసరికి కుర్రకారుకి కోపమొచ్చి వేదిక మీదికెక్కి సామానంతా విరగ్గొట్టారు. టీవీలో అది చూసి మావారు "ఇంకేం వెళ్తాడు!" అని తేల్చేశారు. పి.యు.సి. చదివే మా అబ్బాయి తాతయ్య ఇచ్చిన దసరా డబ్బులకి తను దాచుకున్నది కలిపి టికెట్ కొనుక్కున్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అసలే ఆ ఏడాదంతా ఏమడిగినా "ఊ" తప్ప మాట లేదు. "వాడితో నేనూ వెళ్తానండీ" అన్నాను. నాకో టికెట్ ఎలా సంపాదించాడో వాడికే తెలియాలి.

చందాపుర నుంచి ప్యాలెస్ గ్రౌండ్స్ అంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి. ఇప్పుడంటే 2025లో బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చింది. అప్పుడు బస్సే దిక్కు. మెజెస్టిక్‌లో బస్సు మారి మేఖ్రీ సర్కిల్ దగ్గర దిగేసరికి ఎటు చూసినా నల్ల టీషర్టులే. అందరూ అయ్యప్ప దీక్షలో ఉన్నారా అనిపించింది! ఒక కన్నడ కుర్రాడు "బన్ని ఆంటీ" అంటూ వెనకవైపు కాస్త ఖాళీ ఉన్నచోట నన్ను నిలబెట్టాడు.

ముందు స్కాట్లండ్ నుంచి వచ్చిన బిఫీ క్లైరో వాళ్ళు పాడి వెళ్ళారు. తర్వాత దీపాలారిపోయి, 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' సినిమాకి ఎన్నియో మొరికోనే కట్టిన బాణీ మొదలైంది. 1983 నుంచీ వీళ్ళు ఆ బాణీతోనే వేదికెక్కుతారట. "ఇది మన కౌబాయ్ కృష్ణ వరసేరా!" అన్నాను. 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' అలాంటి సినిమాల ఒరవడిలోదే కదా. వాడు నన్ను కొత్తగా చూశాడు.

డ్రమ్ముల దెబ్బ చెవికి కాదు, నేరుగా గుండెకి తగులుతుంది. అంత చప్పుడు అవసరమా అంటే, లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ వేల గొంతులు ఒక్క అక్షరం పొల్లు పోకుండా పాడుతుంటే, పంచరత్న గోష్ఠిలో కూడా పుస్తకం చూడకుండా ఇంతమంది పాడరే అనుకున్నాను.

'వన్' అనే పాటకు ముందు చీకట్లో తుపాకుల మోత, మంటలు. ఏమిటని అడిగాను. "యుద్ధంలో కాళ్ళూ చేతులూ కళ్ళూ నోరూ అన్నీ పోయిన సైనికుడమ్మా. ప్రాణం మాత్రం ఉంది. చంపేయమని అడగాలనుకుంటాడు, అడగలేడు" అని నా చెవిలో అరిచాడు. 1939లో డాల్టన్ ట్రంబో రాసిన నవల దానికి ఆధారమని కూడా చెప్పాడు. ఇంగ్లీషు పాటకి తెలుగులో అర్థం, అక్కడక్కడ కన్నడం కలిపి! హోసూరు బస్సులో వస్తున్నంతసేపూ ఇంకా ఏవేవో పాటల కథలు చెబుతూనే ఉన్నాడు.

మావారు గేటు దగ్గరే నిలబడి ఏదో అడిగారు. నాకు పెదవులు కదలడం కనిపించింది గానీ మాట వినపడలేదు. చెవుల్లో హోరు మంగళవారం దాకా తగ్గలేదు.