గాదె మందులు – రెండు దినముల పరీక్ష

పురుగును చంపినంతమాత్రమున మందు మంచిదని నమ్మరాదు. కొన్ని మందులు మనిషిని వెంటనే పడవేయవు గాని, దేహకణములలోని జన్యువులను చెఱచును. అందువలన కేన్సరు పుట్టవచ్చును. చెఱుపు బీజకణములందైనచో సంతతికిని సోకవచ్చును.

ఎలుకలకు పెట్టి దీనిని తేల్చుటకు రెండేండ్లకు పైబడును. కాలిఫోర్నియాలో బ్రూస్ ఏమ్స్ అను శాస్త్రజ్ఞుడు 1970 దశకమున సులభోపాయమును కల్పించెను. హిస్టిడిన్ అను పోషకమును స్వయముగా చేసికొనలేని సూక్ష్మజీవులను, అది మిక్కిలి కొఱతగానున్న పళ్లెరమునందుంచి మందు చేర్తురు. జన్యువు మాఱిన జీవులే పెరిగి చుక్కలుగా కనబడును. మందు లేని పళ్లెరముకంటె చుక్కలు బాగుగా హెచ్చినచో ఆ మందును శంకింపవలెను. కొన్ని పదార్థములను విషముగా మార్చునది కాలేయమే కావున ఎలుక కాలేయరసమును గూడ కలుపుదురు. ఇదియంతయు రెండు దినముల పని.

మన ధాన్యపు గాదెలలో వాడిన ఇథిలీన్ డైబ్రోమైడు 1970 దశకమునందే ఇట్లు దోషిగా తేలెను; ఎలుకలకు కేన్సరును గూడ కలిగించెను. అమెరికాలో నేలమందుగా దాని వాడుక 1983లో నిలిచెను; మనదేశమున 2001లో నిషేధింపబడెను. ఆ నడిమి కాలమున గాదెకడ ఆ గాలి పీల్చినది రైతే.

ఈ పరీక్ష జల్లెడయే గాని తుదితీర్పు కాదు. దీనికి చిక్కని కేన్సరు కారకములును గలవు. కావున ఏ మందునైనను ఒట్టిచేతులతో కలుపకుడు. ఆ మందు బుడ్లు ఇంట మిగిలియున్నచో పగులగొట్టక, వ్యవసాయాధికారికి తెలుపుడు.