శివారు కౌంటీలో ప్రజారవాణా: గ్విన్నెట్ బస్సు సేవ – ఒక పరిశీలన

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి ఈశాన్యంగా ఉన్న గ్విన్నెట్ కౌంటీ జనాభా 1970లో 72,349. 2020 నాటికి అది 9,57,062కు చేరింది. తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడిన ఈ ప్రాంతం అర్ధశతాబ్దిలో పదమూడు రెట్లు పెరిగినా, ప్రజారవాణా ఆ వేగాన్ని అందుకోలేదు. ఓటర్ల నిరాకరణే ఇందుకు కారణమని చెప్పడం పరిపాటి. ఆ వివరణ అసంపూర్ణం.

నిరాకరణ వాస్తవమే. అట్లాంటా ప్రాంత రవాణా సంస్థ మార్టాలో చేరే ప్రతిపాదనను కౌంటీ 1971లో తిరస్కరించింది. నల్లజాతీయుల రాకపట్ల శ్వేతజాతీయుల భయం అందులో బలంగా పనిచేసింది. 1990లోనూ అదే ఫలితం. కౌంటీ 2001లో సొంత బస్సులు ప్రారంభించినా, విస్తరణకు అమ్మకపు పన్ను ప్రతిపాదనలు 2019లో ఓడిపోయాయి, 2020లో సుమారు వెయ్యి ఓట్ల తేడాతో వీగిపోయాయి. శ్వేతజాతీయులు అల్పసంఖ్యాకులైన తరువాత, 2024లో కూడా తిరస్కారమే ఎదురైంది. కనుక పాత భయమొక్కటే కారణం కాజాలదు.

మరో కారణం వీధుల అమరికలో ఉంది. ఇక్కడి నివాస సముదాయాలు చాలావరకు ఒకే ముఖద్వారంతో ప్రధాన రహదారికి తెరుచుకుంటాయి. లోపలి వీధులు ఎటూ దారితీయక ముగుస్తాయి. పెరటి గోడకు ఆవలే బస్సు వెళుతున్నా, స్టాపు చేరడానికి చుట్టూ తిరిగి నడవాలి. నడిచే వారు తగ్గితే బస్సులు తగ్గుతాయి. బస్సులు తగ్గితే ఉన్న ప్రయాణికులూ కారు కొనుక్కుంటారు. మిగిలేది కారు లేనివారు, పిల్లల వద్దకు వచ్చిన, కారు నడపని వృద్ధ తల్లిదండ్రులు.

ఇందుకు పరిష్కారంగా కౌంటీ, ఫోనులో కోరితే వచ్చే చిన్న వాహనాలను ప్రవేశపెట్టింది. 2024 ప్రణాళిక వాటిని కౌంటీ అంతటా విస్తరించదలచింది. అయితే వీటి ఆర్థికసూత్రం బస్సుకు విరుద్ధం. ఖాళీ సీట్లున్న బస్సులో మరొకరు ఎక్కితే అదనపు వ్యయం దాదాపు శూన్యం. చిన్న వాహనం ఒక్కొక్కరి కోసం దారి మళ్ళాలి గనుక గంటకు కొద్దిమందినే చేర్చగలదు. ఆదరణ పెరిగేకొద్దీ వాహనాలు, డ్రైవర్లు పెరగాలి. అంటే దాని విజయమే దానికి భారం.

అట్లాంటా ప్రాంతంలోనే ఉన్న క్లేటన్ కౌంటీ అనుభవం ఇక్కడ పోల్చదగినది. ఆ కౌంటీ 2010లో తన బస్సులను పూర్తిగా నిలిపివేసింది. నాలుగేళ్ళ తరువాత అక్కడి ఓటర్లు పన్ను కట్టి మార్టాలో చేరడానికి భారీ ఆధిక్యంతో అంగీకరించారు. వారు కోరింది తాము వాడి, పోగొట్టుకున్న బస్సును. గ్విన్నెట్ ఓటర్లలో అత్యధికులు ఎన్నడూ ఎక్కని బస్సుకు పన్ను అడిగారు.