దుకాణానికి ఉన్న కులం లెక్క చావుకు లేదా?

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి కంటే ముందు మరో ఆసుపత్రి ఉండేది. 1908 మూసీ వరదలో కొట్టుకుపోయిన ఆ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యులు 1888, 1889లలో ఒక ప్రశ్న తేల్చడానికి పూనుకున్నారు. మత్తుమందుగా వాడే క్లోరోఫారం మనిషిని ఎలా చంపుతుంది? ఎడ్వర్డ్ లారీ చొరవతో రెండు కమిషన్లు ఏర్పడ్డాయి. రెండోదానికి నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది, లండన్ నుంచి నిపుణుడు వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, శ్వాసను గమనిస్తే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదని తేల్చారు. రెండు దశాబ్దాల తరువాత ఆ నిర్ధారణ తప్పని రుజువైంది. ప్రయోగాలకు కొదవ లేదు. చూడవలసిన చోట చూడలేదు, అంతే.

మద్యం విషయంలో తెలంగాణ ప్రభుత్వం నేడు చేస్తున్నదీ అదే. ఎన్ని పెట్టెలు అమ్ముడుపోయాయో, ఎంత ఆదాయం వచ్చిందో దానికి తెలుసు. కాలేయం చెడి, పొట్ట ఉబ్బి, రక్తం కక్కుకుంటూ ప్రభుత్వ ఆసుపత్రి మెట్లెక్కేవారు ఏ కులాల వారో, ఏ పనులు చేసి బతికేవారో మాత్రం తెలియదు.

ప్రభుత్వానికి కులాన్ని లెక్కించడం రాదని అనలేం. 2021లో మద్యం దుకాణాల కేటాయింపులో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు ఈ లెక్క వర్తిస్తుంది. 2024 చివర ఇంటింటి కులగణన జరిపి, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లింలు కాని బీసీలు 46.25 శాతం అని ప్రకటించింది. 2025లో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా వర్గీకరించింది. ఇవన్నీ దశాబ్దాల పోరాటాల ఫలితాలు, స్వాగతించవలసినవే. కానీ వ్యాపారంలో వాటా ఇచ్చేటప్పుడు అడిగిన కులాన్ని, ఆ వ్యాపారం మిగిల్చిన నష్టాన్ని అంచనా వేసేటప్పుడు ఎందుకు అడగరు? దరఖాస్తు రుసుమే 2023లో రెండు లక్షలు, 2025లో మూడు లక్షలు, అదీ తిరిగి రానిది. ఆ డబ్బు కట్టగలిగిన దళితులు ఎందరు? అదే దుకాణం ముందు కూలి డబ్బు పోగొట్టుకునే దళితులు ఎందరు?

ఉన్న లెక్కలు ఏం చెబుతున్నాయో చూద్దాం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు దేశంలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం, తెలంగాణలో 43.3 శాతం. తెలంగాణ స్త్రీలలో 6.7 శాతం. ఇది తాగుడు లెక్క. తాగుడు వల్ల కలిగే హాని లెక్క వేరు. సర్వే కులాలను ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అనే నాలుగు గదుల్లో సర్దుతుంది. ఓబీసీ అనే ఒక్క గదిలో గౌడ, ముదిరాజ్, రజక, మంగలి, వడ్డెర అందరూ ఇరుక్కుంటారు. చెట్టెక్కి కల్లు గీసేవాడికీ, బండలు కొట్టి సాయంత్రం ఆ కల్లు తాగేవాడికీ మధ్య తేడా అక్కడే మాయమవుతుంది.

ఒకే పరిమాణంలో తాగినా పేదలకే ఎక్కువ జబ్బు, ఎక్కువ మరణం అని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాలు చూపాయి. మన దగ్గర ఇందుకు కారణాలు వెతకనక్కరలేదు. ఖాళీ కడుపు, ఒళ్లు హూనమయ్యే పని, క్షయ వంటి ఇతర జబ్బులు, ఆలస్యంగా అందే వైద్యం. మురుగు కాల్వలో దిగే కార్మికుడు ఆ కంపును తట్టుకోవడానికే తాగుతాడన్నది బస్తీలలో అందరికీ తెలిసిన సంగతి. అతణ్ణి ఆ కాల్వలోకి దింపింది కులం. అతని తాగుడును వ్యక్తిగత దురలవాటుగా రాసుకోవడం కులాన్ని లెక్కలోంచి తప్పించడమే.

తాగే సరుకులోనూ అంతరం ఉంది. సీసా సరుకు కొనలేనివాడు కల్లు కాంపౌండుకు పోతాడు. అక్కడ చెట్టు కల్లుకు బదులు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్లు దొరకడం కొత్త సంగతి కాదు. 2015లో ఉన్నట్టుండి దాడులు జరిపినప్పుడు, మత్తు అందక పిచ్చిగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. ప్రతిసారీ కేసులు పెడతారు, కాంపౌండ్లు మూస్తారు. చనిపోయిన వారి సామాజిక నేపథ్యంపై నివేదిక మాత్రం రాదు. నింద గీత వృత్తి మొత్తం మీద పడుతుంది, మత్తుపొడి సరఫరా చేసేవాడు చాటున మిగులుతాడు.

కులాల వారీగా లెక్క తీస్తే ‘తాగుబోతు కులాలు’ అనే ముద్ర పడదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఈ భయానికి చరిత్ర ఉంది. 1871 నేరస్త తెగల చట్టం మొత్తం సమూహాలనే నేరస్తులుగా రాసిపెట్టింది. అందుకే ఏం లెక్కిస్తున్నామన్నది ముఖ్యం. ఎవరు ఎంత తాగుతారని అడిగితే ముద్రే మిగులుతుంది. ఎవరి వాడకు ఎంత దూరంలో బెల్టు షాపు ఉంది, ఎవరి రోగం ఏ దశలో ఆసుపత్రికి చేరింది, ఎవరి ఇంట్లో వితంతువు అప్పు తీరుస్తున్నది అని అడిగితే బాధ్యత ప్రభుత్వం మీదికి వస్తుంది. ముద్ర ఇప్పటికే ఉంది. లెక్క లేనందువల్లే దాన్ని ఖండించే ఆధారం మన చేతిలో లేదు.

హాని తాగినవాడితో ఆగదు. భర్త తరచూ తాగి వచ్చే స్త్రీలలో దాదాపు 70 శాతం మంది అతని చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారని అదే జాతీయ సర్వే చెబుతోంది. భర్త తాగని ఇళ్లలో ఇది 23 శాతం. ఈ లెక్కను సర్వేలకంటే ముందు కట్టింది నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. సాయంత్రానికి కూలిలో ఎంత ఇంటికి చేరిందో, ఎంత సారా కొట్టుకు పోయిందో వారికి తెలుసు. ఆ లెక్కే 1993 అక్టోబరు 1న సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. 1997లో నిషేధం సడలింది. ఖజానా లెక్క గెలిచింది.

ఇప్పుడు చేయదగిన పని ఉంది. మరణ నమోదు నివేదికలో మృతునికి మద్యం అలవాటు ఉందా, ఎన్నేళ్లుగా ఉంది అన్న ప్రశ్న ఇప్పటికే ఉంది. మతం గడి ఉంది. కులం గడి లేదు. దేశంలో వైద్యుని ధ్రువీకరణ ఉన్న మరణాలు 2020లో నమోదైన వాటిలో నాలుగో వంతు కూడా లేవు. కనుక మొదట బోధనాసుపత్రుల నుంచే మొదలుపెట్టవచ్చు. ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎంలలో మద్యం సంబంధిత జబ్బులతో చేరినవారి కులం, వృత్తి, తాగిన సరుకు, వైద్యానికి చేసిన అప్పు వారి సమ్మతితో నమోదు చేయాలి. పేర్లు తొలగించి, కులగణన జనాభాతో పోల్చి, ఎక్సైజ్ ఆదాయం పక్కనే మండలాల వారీగా ఏటా ప్రచురించాలి. బెల్టు షాపుల తొలగింపు, వ్యసన విముక్తి కేంద్రాలు, వితంతువులకు ఉపాధి ఎక్కడ ముందు కావాలో ఆ పట్టికే చెబుతుంది.

అఫ్జల్‌గంజ్ వైద్యులు శ్వాసను గమనిస్తూ గుండెను వదిలేశారు. వారికి ఆనాడు తగిన పరికరాలు లేవు. కులగణన పూర్తిచేసిన ప్రభుత్వానికి ఆ సాకు లేదు.