ఓరుగల్లు రాజుల జాతకం... ఊరి చెరువు కట్టమీద!

కాకతీయుల గురించి తెలుసుకోవాలంటే అందరం ఓరుగల్లు కోటకే పోతాం. నాలుగు కీర్తితోరణాలు, వేయిస్తంభాల గుడి, ఒక సెల్ఫీ. అక్కడితో యాత్ర సరి. కానీ ఆ వంశం మొదట ఎక్కడ కాలు మోపింది, ఎవరి చలవతో గద్దెనెక్కింది, తాతముత్తాతల పేర్లేమిటి అనే సంగతులు రాజధానిలో దొరకవు. వాటికోసం జనగామ జిల్లా గూడూరుకు పోవాలి, మహబూబాబాద్ జిల్లా బయ్యారానికి పోవాలి.

కారణం ఉంది. కాకతీయుల కథను కూర్చుని వరసగా రాసిపెట్టిన ఆస్థాన పుస్తకమేదీ మనకు దక్కలేదు. ప్రతాపరుద్రుని కొలువులో విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయం’ అలంకారశాస్త్రం, అందులో రాజుగారు లక్షణాలకు ఉదాహరణ. ‘ప్రతాపరుద్ర చరిత్రము’ రాజ్యం కూలిన రెండొందల ఏళ్లకు వచ్చింది. అందుకే చరిత్రకారులు రాళ్లనే నమ్ముకున్నారు. ఆ రాళ్లను అందరికన్నా ఎక్కువగా వేయించింది రాజులు కాదు. సామంతులు, ఆడపడుచులు, సేనానులు. ఎవరి అవసరం వాళ్లది. తమ గొప్ప చెప్పుకోబోయి రాజుల గుట్టు కూడా చెప్పేశారు.

గద్దెనెక్కించిన కామసాని

పాలకుర్తి మండలం గూడూరు శాసనమే చూడండి. 12వ శతాబ్దిది. విరియాల వంశం వాళ్లు వేయించుకున్నారు. చక్కటి తెలుగు వృత్తాల్లో ఉంది కాబట్టి సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఆ ఊరి పేరు పాతదే. అందులో ఉన్న కబురు మాత్రం రాజులకు అంత రుచించేది కాదు. విరియాల ఎర్రభూపతి శత్రువును చంపి, కాకతి బేతరాజును కొరవిలో నిలబెట్టాడట. ఆయన భార్య కామసాని ఏకంగా చక్రవర్తి దగ్గరికి పోయి, అనుమకొండను బేతనికి ఇప్పించిందట. చక్రవర్తి అంటే కల్యాణి చాళుక్యుడు. కాలం సుమారు క్రీ.శ. 1000. కామసాని బేతనికి మేనత్త అవుతుందని కొందరు పండితుల మాట.

అప్పటికి కాకతీయులు ఒకరి దయమీద బతికే చిన్న దొరలు. దిక్కులేని పిల్లవాడైన బేతని పక్షాన ఒక ఆడమనిషి నిలబడి మాట్లాడకపోతే అనుమకొండ వాళ్లకు దక్కేది కాదు, ఆ తర్వాత ఓరుగల్లూ లేదు. విరియాలవాళ్లు తమ రాయిమీద తమ ఇంటి కోడలి సంగతి రాయించుకున్నారు కాబట్టి ఇది మనదాకా వచ్చింది. లేకపోతే కామసాని పేరు ఎవరికి తెలిసేది?

శాసనంలోని కొరవి ఇప్పటి కురవే. శివరాత్రికి వీరన్న జాతర జరిగే ఊరు, మహబూబాబాద్‌కు కూతవేటు దూరం. తెలంగాణలో దొరికిన తొలినాటి తెలుగు వచన శాసనాల్లో ఒకటి అక్కడిదే, పదో శతాబ్దం నాటిది. ముదిగొండ చాళుక్యులూ కాకతీయులూ ఈ ఊరికోసం చాలాకాలం కొట్లాడారు. వీరభద్రుడి మొక్కు తీర్చుకొని బస్సెక్కే జనంలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరో!

అక్క చెల్లెళ్ల లెక్క

బయ్యారం పేరు వినగానే ఇప్పుడు ఇనుప ఖనిజం, రాని ఉక్కు ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. కాకతీయ చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం బయ్యారమంటే పెద్ద చెరువు. గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ తవ్వించింది. నతవాడి రాజుల ఇంటికి కోడలిగా పోయిన మనిషి. చెరువుకు ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి 1219 ప్రాంతంలో శాసనం వేయించింది.

చెరువు గురించి చెప్పడానికి నాలుగు మాటలు చాలు. మైలాంబ అక్కడ ఆగలేదు. పుట్టింటి వంశం మొత్తం ఏకరువు పెట్టింది. దుర్జయ కులంలో వెన్నడనే రాజుతో మొదలుపెట్టి, ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు గుండలను లెక్కగట్టి, వాళ్లను ముగ్గురు రాములతో పోల్చి, ఎర్రడు, పిండిగుండడు, గరుడ బేతడు, ప్రోలుడు అంటూ అన్నదాకా వచ్చింది. కాకతీయుల తొలితరాల పేర్లు ఇంత వరసగా దొరికిన చోటు మరొకటి లేదు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1978లో అచ్చయిన తన ‘ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్’లో వంశక్రమాన్ని సరిచేసింది ఈ రాయి సాయంతోనే. అత్తగారింటికి పోయిన ఆడబిడ్డకు పుట్టింటి గొప్ప చెప్పాలంటే నోరు ఊరుకుంటుందా? మైలాంబ ఆ పని చేసి చరిత్రకు మహోపకారం చేసింది.

ఆ శాసనమే మరో కబురూ చెబుతుంది. మొదటి ప్రోలరాజు కేసరి తటాకం తవ్వించాడని. ఆయన బిరుదు అరిగజకేసరి. మహబూబాబాద్ పక్కనున్న కేసముద్రం ఆ కేసరి సముద్రమేనని చెబుతారు. మిర్చికీ మొక్కజొన్నకూ మార్కెట్‌యార్డుకు పోయే రైతు నోట రోజూ పలికే పేరులో వెయ్యేళ్ల కిందటి రాజు బిరుదు ఉందన్నమాట.

చెరువు తవ్వించడం అంత ముఖ్యమెందుకైంది? ఈ నేల ఎత్తుపల్లాలది. వాన నాలుగు నెలలు కురిసి పోతుంది. వాగులు ఎండాకాలం ఇసుకే. గుట్టల నడుమ వాగు జారే సందు చూసి అక్కడ మట్టికట్ట పోసి, లోపలివైపు రాయి పేర్చితే వాన నిలుస్తుంది. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది, దాన్నే గొలుసుకట్టు అంటారు. కట్ట అడుగున రాతిపలకల తూము, దాన్ని మూసి తెరిచేందుకు రెండు రాతి స్తంభాల నడుమ దిగే బిరడా. తూము తెరిచే నీరటికాడికి ఊళ్లో ఉండే విలువ కొలువులో మంత్రికి ఉండేది కాదేమో. రాజు ఖజానా ఒక్కటే ఇంత పని చేయలేదు. చెరువు తవ్వించినవాళ్లకు, బాగుచేయించినవాళ్లకు ఆయకట్టులో ఓ వంతు దశబంధంగా దక్కేది. పుణ్యానికి పుణ్యం, ఫలానికి ఫలం. పంట పండితే పన్ను వస్తుంది, పన్ను వస్తే సైన్యం నడుస్తుంది. కాకతీయుల గొప్పతనమంటే నాకు కోట గోడలకన్నా ముందు ఈ లెక్కే కనిపిస్తుంది.

తెలంగాణ వచ్చాక 2015 మార్చిలో చెరువుల పూడిక తీసే పథకం మొదలుపెట్టి, 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుని, దానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టారు.

గణపురం గుళ్లు

భూపాలపల్లి జిల్లాకు వస్తే రాజు పేరు ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఊరు గణపురం, చెరువు గణపసముద్రం, గుడి గణపేశ్వరాలయం. 1199 నుంచి 1262 దాకా 63 ఏళ్లు ఏలిన గణపతిదేవుని కాలం నాటివి. ఆయన కథా విచిత్రమైనదే. కుర్రతనంలో యాదవరాజు జైతుగి చేతికి చిక్కి దేవగిరిలో బందీగా ఉన్నాడు. అప్పుడు రాజ్యం చేజారిపోకుండా కాపాడినవాడు రేచర్ల రుద్రుడు. రామప్ప గుడి కట్టించి 1213లో శాసనం వేయించిందీ ఆయనే. బందీగా మొదలైన మనిషి తీరాంధ్రదాకా గెలిచి, మోటుపల్లి రేవులో పరదేశి వర్తకులకు అభయమిస్తూ శాసనం వేశాడు.

2021 జూలై 25న యునెస్కో జాబితాకెక్కిన రామప్పకు బస్సులకు బస్సులు జనం వస్తారు. అక్కణ్ణుంచి కాస్త దూరమే ఉన్న గణపురం కోటగుళ్లకు వచ్చేవాళ్లు తక్కువ. ఒకే ప్రాకారంలో 22 గుళ్లు. నడుమ పెద్ద గుడి, చుట్టూ పేర్చినట్టు చిన్న గుళ్లు. కొన్నింటికి కప్పు పోయింది, కొన్ని స్తంభాలు ఒరిగాయి. అయినా చూరు కింది శిల్పాల దగ్గర ఆగండి. సగం మనిషి, సగం సింహమైన ఆకారం ఏనుగుమీద స్వారీ చేస్తుంటుంది. ఏనుగు తొండం, సింహం జూలు, మీద కూర్చున్నవాడి నడుము పట్టీ, అన్నీ ఉలి మొన ఇప్పుడే తీసినట్టుంటాయి. రామప్పంత నునుపు లేదు, ఒప్పుకోవాలి. కానీ రామప్పలో లేని ఏకాంతం ఇక్కడ ఉంది.

ఇదే మండలంలో చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కరెంటు తయారుచేసే కేంద్రానికీ కాకతీయ పేరే పెట్టారు. ఇదే జిల్లా మేడిగడ్డలో 2023 అక్టోబరులో బరాజ్ పియర్లు కుంగాయి. వాగుమీది చెరువునూ గోదావరిమీది బరాజ్‌నూ పోల్చడం అన్యాయమే, అయినా గణపసముద్రం కట్టమీద నిలబడితే మనసు ఊరుకోదు.

పన్ను అడిగిన రాజు

రాళ్లు ఎక్కువగా రాజును పొగిడేవే. పొగడనిది పాట. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉందిగానీ 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాదే. కరువుకాలంలో పన్ను కట్టలేమన్న కోయ దొర పగిడిద్దరాజు మీదికి ప్రతాపరుద్రుని సేన వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, జంపన్న పోరాడారని అక్కడి కథ. జంపన్న పడిన సంపెంగవాగు జంపన్నవాగైంది. సమ్మక్క చిలుకలగుట్టలో మాయమైంది. దీనికి శాసనం లేదు. రెండేళ్లకోసారి లక్షల జనం మోసుకొచ్చే బెల్లం ముందు శాసనం ఉన్నా లేకపోయినా ఒకటే. చెరువు నిండితే దీవించిన జనమే పన్ను పీడిస్తే తిరగబడ్డారు. ప్రతాపరుద్రుడు 1323లో ఢిల్లీ సేనకు చిక్కి, బందీగా పోతూ నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని ఆ తర్వాతి శాసనం చెబుతుంది. ఆయనకు జాతర లేదు.

శత్రువు రాసిన చరిత్ర

ఇక కాకతీయుల కాలం దాటి జనగామకు తిరిగొస్తే, రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్. అక్కడ ఏలినవాడికి వంశవృక్షం లేదు, పొగిడే పండితుడు లేడు. కల్లుగీత కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న. మొదట సొంత అక్క సొమ్మే దోచాడట. తర్వాత మనుషులను కూడగట్టి, షాపూర్‌లో కోట కట్టి, 1708లో మొహర్రం రోజుల్లో ఓరుగల్లు మీద పడి, సొమ్ముతోపాటు మనుషులనూ చెరపట్టుకుపోయాడు. మరుసటేడు హైదరాబాద్ వచ్చిన మొగల్ పాదుషా బహదూర్ షా ముందు కానుకలు పెట్టి గౌరవ వస్త్రం అందుకున్నాడు. పెద్ద కులాలవాళ్లూ మతపెద్దలూ గొడవ చేసేసరికి పాదుషా మాట మార్చి సేనను పంపాడు.

ఇదంతా మనకు తెలిసింది ఖాఫీఖాన్ అనే మొగల్ చరిత్రకారుడి వల్ల. ఆయన దృష్టిలో పాపన్న దొంగ. అయినా కథ చెప్పడంలో మాత్రం లోటు చేయలేదు. షాపూర్ కోటలో బందీగా ఉన్న ఫౌజుదారు పాపన్న బావమరిదే. పాపన్న భార్య తన తమ్ముడి అన్నంలో ఆకురాళ్లు దాచి పంపింది. బందీలు సంకెళ్లు కోసుకుని కోట పట్టుకున్నారు. బయటికి పోయిన పాపన్న తిరిగొచ్చేసరికి తన ఫిరంగులు తనమీదే పేలాయి. చివరికి తాటికొండ ముట్టడిలో ఓడి, గాయాలతో ఒంటరిగా పారిపోతూ ఒక ఊళ్లో కల్లు అడిగితే, పోసినవాడే గుర్తుపట్టి పట్టించాడు. 1710లో తల నరికి పాదుషాకు పంపారు.

ఖాఫీఖాన్ పారశీకంలో రాసినదాన్ని ఊళ్లు ఒప్పుకోలేదు. కథ చెప్పేవాళ్లు పాపన్నను సర్దార్‌ను చేసి ఇల్లిల్లూ తిరిగి పాడారు. ఇప్పుడు ఆగస్టు 18న ఆయన జయంతిని ప్రభుత్వమే జరుపుతోంది. హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద రఘునాథపల్లి దగ్గర పక్కకు తిరిగితే ఖిలాషాపూర్ కోట బురుజులు కనిపిస్తాయి. అదే దారిన ముందుకు పోతే పాలకుర్తి మండలంలో బమ్మెర, భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్న పోతన ఊరు. ఆ కథలో రాచకొండ సర్వసింగ భూపాలుడు వద్దనిపించుకున్న రాజుగానే మిగిలిపోయాడు.